ఏటి లోతు, గుండు బరువు

బుడుంగ్.

ఆ తరువాత, తడిసిన తాడు పడవ అంచుకు ఒరుసుకుంటున్న చప్పుడు. ఆపైన, మనిషి జాడ తెలియని పొగమంచులోంచి, సాగదీసిన గొంతు ఒకటి: "ఏడూ... ఏడూ... ఆరుముప్పావూ..."

ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర, రేవు రోజూ మేలుకొనేది ఆ గొంతుకే. అది రేవు కార్యాలయంలో లోతులు కొలిచే ఉద్యోగి గొంతు. అతని చేతిలో అడుగుకో ముడి, అయిదడుగులకో ఎర్రగుడ్డ పీలిక ఉన్న తాడు, తాడు చివర మూడు కిలోల సీసపు గుండు ఉంటాయి. అందుకే రేవంతా అతణ్ణి 'సీసం' అంటుంది. తాను లోతులు పిలిచే తీరు సీసపద్యంలా ఉండబట్టి ఆ పేరు వచ్చిందని అతని నమ్మకం. గుండు వల్ల వచ్చిందని తక్కిన లోకం నమ్మకం. ఈ విషయంలో లోకంతో వాదించడానికి అతనికి నోరు లేదు.

నిజానికి ఏ విషయంలోనూ లేదు. మనిషి ఎదురుగా నిలబడితే సీసం నాలుక మీద ఒండ్రు మేట వేస్తుంది. టీ కొట్టువాడు చక్కెర ఎంత అని అడిగినా రెండు వేళ్ళు చూపించి ఊరుకుంటాడు. నీళ్ళ మీద నిలబడి, ఎదుట ఎవరూ లేరని రూఢి అయ్యాక మాత్రం ఆ గొంతు మైలు దూరం పోతుంది. మాట పెగలని వాడికి కేకలు వేసే కొలువు ఇచ్చిన ప్రభుత్వ విజ్ఞతను తలచుకొని అతను అప్పుడప్పుడు ఒంటరిగా నవ్వుకొనేవాడు. కొలువు కూడా నిఖార్సయినది కాదు. పదకొండేళ్ళుగా తాత్కాలికమే.

"ఏరే నయం రా బామ్మర్దీ," అనేవాడు అతని అక్కమొగుడు. "తెచ్చిన మట్టిని ఎక్కడో ఒకచోట పర్మినెంటు చేస్తుంది."

బావ ఏటి ఎగువన ఉన్న బట్టీల నుంచి ఇటుకలు రవాణా చేసే పడవను నడిపే సరంగు. అక్కకు రేవు మెట్ల పక్కన సరుకుల కొట్టు. సీసం తినేది అక్క చేతి అన్నం, పడేది బావ చేతి వేళాకోళం. రెండూ వేళకు అందేవి.

ఆ రోజు పొగమంచులో రెండో గొంతు వినబడింది. మైకు కట్టిన మరపడవ ఒకటి మొగ చుట్టూ తిరుగుతూ, అపర భగీరథుడు, జలమార్గాల మంత్రివర్యులు వంద రోజుల్లో ఈ మొగను పూడిక లేని మొగగా జాతికి అంకితం చేయబోతున్నారని చాటుతోంది. ఏటికి దారి చూపిన తొలి మహనీయుడు పురాణాల్లో ఉన్నాడనీ, రెండో ఆయన మన మధ్యే ఉన్నాడనీ, ఇది మన అదృష్టమనీ, ఈ అదృష్టాన్ని ప్రజలు గుర్తుపెట్టుకోవాలనీ ఆ మైకు కోరింది. సీసం గుండు పైకి లాగి, దాని అడుగున ఉన్న గుంటలోని గ్రీజు చూశాడు. గుండు ఏ నేలను తాకితే ఆ నేల ఆ గ్రీజుకు అంటుకొని వస్తుంది. అప్పుడు మెత్తటి ఒండ్రు అంటింది. అదృష్టం ఇంకా అడుగుకు చేరినట్టు లేదు.

వారం తిరక్కుండా పూడికతీత యంత్రం వచ్చింది. దానితోపాటు ప్రత్యేకాధికారి వచ్చారు. ఆయన చాలా సమర్థులు. అంతకు ముందు ఒక ఎడారిలో అడవిని ప్రారంభించారు. రేవు కార్యాలయంలో అడుగు పెట్టగానే గోడ మీద పెద్ద పటం తగిలించి, పూడిక ఎక్కడి నుంచి వస్తోందో తనకు ఒక్క ముక్కలో చెప్పమన్నారు.

ఆ ముక్క చెప్పవలసినవాడు రేవు ఇంజనీరు. ఎనిమిది నెలల్లో ఉద్యోగ విరమణ చేయబోతున్న ఆ పెద్దాయన ముప్పై ఏళ్ళుగా ఒకటే మాట చెబుతున్నాడు గనక, చెప్పేటప్పుడు తల కూడా ఎత్తలేదు. ఏరు పరుగెత్తినంతసేపు మోస్తుందన్నాడు. పరుగు మందగించిన చోట దించేస్తుందన్నాడు. ముందు గులకరాయి దిగుతుంది, తరువాత ఇసుక, అన్నిటి తరువాత ఒండ్రు. ఆ ఒండ్రు కూడా తేలుతూనే పోవాలిగానీ, ఉప్పునీరు తగిలేసరికి విరిగిన పాలలాగా ముద్దకట్టి అడుక్కి పోతుందన్నాడు.

ప్రత్యేకాధికారి కాసేపు ఆలోచించారు.

"ఉప్పు తగలకుండా చూడలేమా?"

"సముద్రాన్ని అడగాలండి."

"అది ఎవరి పరిధిలో ఉంది?"

ఇంజనీరు తల ఎత్తి, మళ్ళీ దించాడు. మూలన నిలబడ్డ సీసం తన చెప్పుల వైపు చూసుకున్నాడు. ఆ చెప్పులకు నవ్వు వస్తున్నట్టు అతనికి అనిపించింది. తనకు మాత్రం రాలేదు, ఎందుకంటే ప్రత్యేకాధికారి తన వైపే చూస్తున్నారు.

తవ్వకం ఘనంగా మొదలయింది. తవ్విన మట్టిని తగినంత దూరంలో పోయాలని ఒప్పందంలో ఉంది. గుత్తేదారు దగ్గర నూరు గజాల గొట్టం ఉంది. అంచేత తగినంత దూరమంటే నూరు గజాలని ఉభయులూ అర్థం చేసుకున్నారు. యంత్రం పగలంతా మొగ అడుగున ఉన్న ఒండ్రును పీల్చి పక్కన కక్కేది. సాయంత్రం సముద్రపు పోటు ఎక్కి, ఆ కక్కిన దాంట్లో సగాన్ని తీసినచోటికే తెచ్చి దించేది. మర్నాడు యంత్రం దాన్నే మళ్ళీ పీల్చేది. తవ్విన మట్టి లెక్క చూస్తే రోజురోజుకూ పెరుగుతోంది. ఒకే పిడికెడు ఒండ్రు ఆరుసార్లు తవ్వబడి, ఆరుసార్లు పత్రికలకెక్కింది. మనుషుల్లో అంత సేవ చేసినవాళ్ళు అరుదు.

మొగలో లోతు మాత్రం ఏడడుగుల నుంచి ఆరున్నరకు వచ్చింది.

ముప్పయ్యో రోజు సమీక్షా సమావేశంలో ప్రత్యేకాధికారి పటం ముందు నిలబడి, గ్రాఫు పైకి పోతోందని సంతోషించారు. అది లోతుల గ్రాఫనీ, పైకి పోతే లోతు తగ్గినట్టనీ ఇంజనీరు మనవి చేశాడు. అయితే పటాన్ని తలకిందులుగా తగిలించమన్నారు. తగిలించాక, సముద్రం పైన, ఆకాశం కింద ఉన్నట్టు ఎవరికో అనుమానం వచ్చి మళ్ళీ తిప్పారు. ఆఖరికి అందరూ సీసం వైపు చూశారు. పైకి పోయినా కిందికి పోయినా ఆ గీత మొదలయ్యేది అతని నోటి నుంచే కదా.

"కొలవడంలో లోపం ఉండవచ్చు," అన్నారు ప్రత్యేకాధికారి, చాలా మృదువుగా. "నువ్వు పర్మినెంటు కాదనుకుంటాను."

కాదన్నట్టు సీసం తల ఊపాడు.

ఇక్కడ చరిత్రను కాస్త జాగ్రత్తగా చెప్పుకోవాలి, ఎందుకంటే ఆ తరువాత జరిగిన మహత్కార్యానికి ఆద్యుడు మంత్రిగారూ కాదు, ప్రత్యేకాధికారీ కాదు. సీసమే. మర్నాడు అతని గుండును యంత్రం గొట్టం మింగేసింది. తాడు పుటుక్కున తెగి, పాతికేళ్ళ నాటి సీసపు గుండు, ఒక ఎర్ర పీలికతో సహా, ఒండ్రుతో కలిసి ఎటో పోయింది. కొత్త గుండు కావాలంటే స్టోర్సులో మూడు అర్జీలు పెట్టాలి. లోతు పిలవడం ఒక్కరోజు మానినా తాత్కాలికుడికి గండమే. సీసం అక్క కొట్టుకు పరుగెత్తి, నోట మాట రాక, తక్కెడ పక్కనున్న అయిదు కిలోల ఇనప తూకంరాయి వైపు వేలు చూపించాడు.

"సాయంత్రానికల్లా తెచ్చిస్తేనే," అంది అక్క. "లేకపోతే బస్తాడు బియ్యం నీ తలకాయతో తూచాల్సొస్తుంది. అదైతే తేలిపోతుంది."

ఆ రాయిని తాడుకు కట్టి వేశాడు. లోతు ఏడున్నర వచ్చింది. అతను నమ్మక మళ్ళీ వేశాడు. ఎనిమిది వచ్చింది. బరువెక్కిన రాయి నేలను తాకి ఆగకుండా, మెత్తటి బురదలోకి దిగబడుతోందని అతనికి తెలిసిపోయింది. మూడు కిలోల సీసానికి నేల అనిపించినది అయిదు కిలోల ఇనుముకు నేల అనిపించలేదు. పెద్దవాళ్ళ కాలు కింద నేల ఎప్పుడూ కాస్త దిగుతుంది. సీసం నిజాయితీపరుడే గనక, రిజిస్టరులో ఎనిమిది అని వేసి, పక్కన చిన్న అక్షరాలతో 'గుండు మారినది, బురదలో దిగినట్టున్నది' అని రాశాడు. నోటితో చెప్పలేనివి రాసి ఊరుకోవడం అతని అలవాటు. అలా రాస్తే చెప్పినట్టే అని అతను పదకొండేళ్ళుగా తనను తాను మోసం చేసుకుంటున్నాడు.

మధ్యాహ్నానికి పిలుపు వచ్చింది. ప్రత్యేకాధికారి కుర్చీలోంచి లేచి నిలబడి, సీసానికి కుర్చీ చూపించారు. సీసం కూర్చోలేదు, నిలబడనూ లేదు. రెంటికీ మధ్య ఎక్కడో ఆగాడు. ఒక్కరోజులో అడుగున్నర పెరిగిందా అని ఆయన అడిగారు. తల ఊపాడు. గుండు బరువు పెంచితే లోతు పెరుగుతుందా అని అడిగారు. సీసం నోరు తెరిచాడు. చెప్పవలసిన వాక్యం మొత్తం గొంతులోనే ఉంది, కర్తా కర్మా క్రియా కుదురుగానే ఉన్నాయి. ఆయన ముఖంలోని ఆనందం తగిలేసరికి అంతా విరిగి ముద్దకట్టి అడుక్కి పోయింది. మళ్ళీ తల ఊపాడు.

"ఇన్నాళ్ళూ ఈ రాష్ట్రం తేలిక గుండుతో కొలుస్తూ ఉండిపోయింది," అన్నారు ప్రత్యేకాధికారి కిటికీలోంచి సముద్రం వైపు చూస్తూ. "ఆ పాత గుండు ఎవరి హయాంలోది?"

గత ప్రభుత్వపు హయాంలోదని తేలింది. ఇక అనుమానానికి తావు లేకపోయింది. ఆయన స్వయంగా ఎర్రసిరా తీసి 'బురద' అన్న మాట కొట్టేశారు. మొగ అడుగున ఉన్నది బురద కాదనీ, కాస్త చిక్కగా ఉన్న నీరేననీ, నివేదికల్లో దాన్ని ఇకమీదట 'ఘనజలం' అని వ్యవహరించాలనీ ఆదేశించారు.

అయిదు కిలోలు పది అయ్యాయి, లోతు తొమ్మిదిన్నర అయింది. పది పదిహేనయింది. చివరికి పాతిక కిలోల ఇనపగుండు పోతపోయించి, పడవ మీద మూడు కాళ్ళ చట్రం నిలబెట్టి, దానికి కప్పీ బిగించారు. గుండు వేయడానికి ఇద్దరు, బురదలోంచి... క్షమించాలి, ఘనజలంలోంచి... పెరకడానికి నలుగురు కావలసివచ్చింది. ఉపాధి కల్పన కింద అది వేరే నివేదికకెక్కింది. తొంభయ్యో రోజున మొగ లోతు పన్నెండడుగులు. ఇంజనీరు ప్రతి కాగితం మీదా 'చూచితిని' అని రాసి సంతకం పెట్టేవాడు. 'ఒప్పితిని' అని ఒక్కదాని మీదా రాయలేదు. అంత సూక్ష్మమైన ధైర్యం అతనిది. సీసానికి అంత సూక్ష్మమైన ధైర్యం కూడా లేదు. అతను రోజూ పొద్దున్నే మొగలో నిలబడి, "పన్నెండూ... పన్నెండూ..." అని పిలిచేవాడు. గొంతు మాత్రం ఎప్పటికన్నా బాగుందని విన్నవాళ్ళు అనేవారు. అబద్ధానికి శ్రుతి కుదిరినంతగా నిజానికి కుదరదని అతను కనిపెట్టాడు. ఇది పద్యాల్లో ఎక్కడైనా పనికొస్తుందేమోనని దాచుకున్నాడు కూడా.

ఆ మొగలో ఒక పాత కట్టుబాటు ఉంది. ఇసుకో ఒండ్రో పేరుకొని మేట వేస్తే, దాని మీదికి మొట్టమొదట ఏ పడవ ఎక్కి కూరుకుపోతుందో ఆ పడవ పేరే ఆ మేటకు పెడతారు. అలా ఇటుకల మేట ఉంది, పెళ్ళివారి మేట ఉంది, సరంగు కునుకు తీసిన చోట నిద్రమొహం మేట ఉంది. లోతు అంకెలు సరంగులకు పెద్దగా పట్టవు. మొగలోకి పడవ వస్తుంటే లోతులవాడు ఎదురుగా ఉన్న మేట పేరు కేకవేస్తాడు. పేరు చెవిన పడగానే సరంగు చుక్కాని తిప్పి, విన్నానన్న గుర్తుగా ఆ పేరే తిరిగి పలుకుతాడు. దాన్ని మారుపలకడం అంటారు. మారు పలకకుండా మొగ దాటిన సరంగుకు రేవులో మర్యాద ఉండదు.

తొంభై మూడో రోజు సాయంత్రం, అందరూ పోయాక, సీసం ఒక వెదురుగడతో మొగలో తడిమి చూశాడు. నడిమి దారిలో, అంతకుముందు ఏమీ లేనిచోట, గడ నాలుగడుగులకే ఆగింది. నూరు గజాల దూరాన పోసిన మట్టి పోటుకు కొంచెం, నీరు వెనక్కి తీసే పాటుకు కొంచెం జరుగుతూ వచ్చి, ఇసుకతో వియ్యమంది, మొగ నట్టనడుమ కాపురం పెట్టింది. అతను పరుగున వచ్చి రిజిస్టరు తీశాడు. అందులో 'మేట పేరు' అనే గడి నింపితేగానీ తరువాత గడికి పోవడానికి వీల్లేదు. ఈ మేటకు పేరు లేదు, దాని మీదికి ఇంకా ఎవరూ ఎక్కలేదు. మర్నాడు పెదవులు తడుపుకొని ప్రత్యేకాధికారికి ఆ ఖాళీ గడి చూపించాడు.

"పేరు లేనిది లేనట్టే కదా," అన్నారాయన. అంటూ తన చొక్కా జేబు తట్టారు. అందులో మడతపెట్టిన కాగితం చప్పుడయింది. సీసం పర్మినెంటు ఉత్తర్వు అది. వందో రోజున మంత్రిగారు కొత్త లాంచీలో మొగ దాటగానే ఆయన చేతుల మీదుగా ఇప్పిస్తారు.

ఆ రాత్రి అన్నం ముందు బావ వేళాకోళమాడలేదు. బట్టీల యజమాని కబురు పెట్టాడట. మొగలో పన్నెండడుగులని పత్రికలన్నీ రాస్తుంటే సగం బరువుతో పడవ నడుపుతావేమిటన్నాడట. శుక్రవారం నుంచి నిండుబరువు వేయమన్నాడు, లేకపోతే వేరే సరంగును చూసుకుంటానన్నాడు. నిండుబరువు వేస్తే పడవ అయిదున్నర అడుగులు మునుగుతుంది. పాటు వేగంలో వచ్చి నేలకు తగిలితే ఇటుకలు ఒక పక్కకు జారుతాయి, పడవ బోల్తా పడుతుంది. ఇది ఆ ఇంట్లో ఎవరూ ఎవరికీ చెప్పవలసిన పని లేదు.

"ఒరేయ్," అన్నాడు బావ, కంచం వైపే చూస్తూ. "నీ పన్నెండడుగుల్లో నీళ్ళెన్ని?"

సీసం ముద్ద మింగాడు. మాట కూడా దానితోపాటే దిగిపోయింది.

"పేరు... పేరు లేదు బావా," అన్నాడు ఎట్టకేలకు.

"నీళ్ళ లోతు అడిగితే పేరంటాడేమిటి," అన్నాడు బావ అక్కతో. అక్క తమ్ముడి ముఖం వైపు చాలాసేపు చూసింది. శుక్రవారం ఎగువ ఊళ్ళో తనకూ సరుకు తెచ్చుకొనే పని ఉందనీ, పడవలోనే వస్తాననీ మాత్రం అంది. సీసం చేయి కడుక్కొని బయటికి వచ్చి, చీకట్లో నిలబడి, తాను ఎంత పిరికివాడో కొలిచి చూసుకున్నాడు. గుండు ఎంత బరువు కట్టినా అడుగు తగల్లేదు.

శుక్రవారం వందో రోజు.

కొత్త లాంచీ తెల్లగా, ఎత్తుగా ఉంది. దాని రెండు పక్కలా నిలువెత్తు బంగారు రంగు అక్షరాలతో 'అపర భగీరథ' అని రాసి ఉంది. మంత్రిగారు మధ్యలో, చుట్టూ పత్రికలవాళ్ళు, వెనుక ఇంజనీరు, ముక్కు దగ్గర పాతిక కిలోల గుండుతో, చేతిలో మైకుతో సీసం. అతని పక్కన ప్రత్యేకాధికారి. గట్టు మీద జనం. వాళ్ళను పొద్దుటి నుంచి నిలబెట్టారు గనక చప్పట్లు కొట్టడానికి సిద్ధంగా ఉన్నారు.

లాంచీ కదిలింది. మంత్రిగారు ప్రసంగం ఎత్తుకున్నారు. గత ప్రభుత్వం ఏటిని మోసం చేసిందన్నారు. సీసం "పన్నెండూ..." అన్నాడు. తాను ఏటికి మాట ఇచ్చానన్నారు. "పన్నెండూ..." ఇక ఈ మొగలో ఒక్క ఇసుక రేణువు కూడా తన అనుమతి లేకుండా ఆగదన్నారు.

లాంచీ ఆగింది.

ఏ చప్పుడూ కాలేదు. కార్యాలయంలో దస్త్రం ఆగినంత మెత్తగా ఆగింది.

"ఆగామా?" అని అడిగారు మంత్రిగారు.

"ఆపామండి," అన్నారు ప్రత్యేకాధికారి. "ఇక్కడి నుంచి దృశ్యం బాగుంటుంది."

దృశ్యం నిజంగానే బాగుంది. గంటసేపు చూశారు. ఈలోగా పాటు తీసి, నీరు దిగిపోసాగింది. లాంచీకి సముద్రం వైపున నల్లని బురద వీపు ఒకటి మెల్లగా పైకి తేలింది. పత్రికలవాళ్ళు అటు చూసి, ఒకళ్ళ ముఖాలు ఒకళ్ళు చూసుకున్నారు. అదేమిటని ఒకడు అడిగాడు. ఘనజలమని ప్రత్యేకాధికారి చెబుతుండగానే దాని మీద ఒక కొంగ వాలి నడక మొదలుపెట్టింది. అప్పుడు మంత్రిగారు తాము ఎందుకు మంత్రి అయ్యారో నిరూపించుకున్నారు. ఇది కొత్త భూమి అన్నారు. లోకంలో ఏ ప్రభుత్వమైనా భూమిని పంచిందిగానీ, పుట్టించింది తమ ప్రభుత్వమొక్కటే అన్నారు. అర్హులైన నాలుగు వందల కుటుంబాలకు ఇక్కడే ఇళ్ళస్థలాలు ఇస్తామన్నారు. స్థలాలు రోజుకు రెండుసార్లు మునుగుతాయని ఇంజనీరు గొణిగాడు. ఉచిత నీటి సరఫరా అని ప్రత్యేకాధికారి రాసుకున్నారు.

ఆ బురద వీపు అంచున సీసానికి ఎర్రగా ఏదో కనబడింది. చూడగా, గుడ్డ పీలిక. దాని పక్కన తెగిన తాడు కొస. తాడు చివర, సగం బురదలో పూడి, మూడు కిలోల పాత గుండు. యంత్రం మింగి, నూరు గజాల దూరాన కక్కితే, అంత బరువు ఒండ్రుతోపాటే ఇక్కడిదాకా ఎలా కొట్టుకొచ్చిందో అతనికి తెలియదు. అడుగు తగిలి ఆగిందన్న సంగతి మాత్రం తెలిసింది.

అప్పుడే ఎగువ మలుపు తిరిగి బావ పడవ కనబడింది.

నిండుగా ఉంది. ఎర్రటి ఇటుకలు అంచుదాకా పేర్చి ఉన్నాయి. వాటి మీద ఇరవై మంది బట్టీ కూలీలు కూర్చొని ఉన్నారు. చుక్కాని దగ్గర బావ, ఆయన పక్కన సరుకుల మూటలతో అక్క. పాటు వేగం వెనకనుంచి తోస్తోంది. ఏటి వైపున మేట ఇంకా తేలలేదు. దాని మీద మోకాలి లోతు నీరు, పన్నెండడుగులేమో అన్నంత గంభీరంగా పారుతోంది. అదీగాక అంత పెద్ద లాంచీ నిబ్బరంగా నిలబడిన చోట నీటికి కొదవేమిటని ఏ సరంగైనా అనుకుంటాడు. బావ సూటిగా లాంచీ పక్కకే గురిపెట్టాడు.

సీసం మైకు ఎత్తాడు. చుట్టూ ఎవరూ లేరన్నట్టు కళ్ళు మూసుకుందామనుకున్నాడుగానీ, ఉన్నారు. ప్రత్యేకాధికారి చెవి దగ్గరికి వంగారు.

"పన్నెండు అను."

జేబులో కాగితం చప్పుడయింది.

పన్నెండు అనడం ఎంతో తేలిక. నాలుకకు అలవాటైన మాట. ఎనిమిదో, నాలుగో, ఒకటో అన్నా లాభం లేదు, అంకెలు వినే సరంగు ఈ మొగలో లేడు. పేరు కావాలి. పేరు లేదని తాను వారం రోజులుగా దాక్కున్న చోటు అదే. పేరు పెట్టాలంటే దాని మీదికి ఏదో ఒక పడవ ఎక్కాలి కదా అని తనను తాను సముదాయించుకున్నాడు. అలా అనుకుంటూ అతను కిందికి చూశాడు. తన కాళ్ళ కింద, లాంచీ పక్కన, బంగారు రంగు అక్షరాలు ఎండకు మెరుస్తున్నాయి. గంట క్రితమే ఎక్కింది.

పదకొండేళ్ళ తాత్కాలికుడు, చక్కెర ఎంతో నోటితో చెప్పలేనివాడు, ఛాతీ నిండా గాలి పీల్చుకున్నాడు.

"అపర భగీరథ మేటా... ఎడమకూ... అపర భగీరథ మేటా..."

గాలి గట్టు వైపు వీస్తోంది. అది మొదటి రెండు మాటలను జాగ్రత్తగా మోసుకుపోయి, మూడో మాటను దారిలో దించేసింది. జనం పొద్దుటి నుంచి దాచుకున్న చప్పట్లన్నీ ఒక్కసారి కొట్టారు. మంత్రిగారు లేచి, కళ్ళు చెమర్చగా, నాలుగు దిక్కులకూ నమస్కారం పెట్టారు. ఇంజనీరు మాత్రం జేబులోంచి కలం తీసి, చేతికి దొరికిన ఆహ్వానపత్రిక వెనుక, ఈసారి 'చూచితిని' కాక వేరే ఒక్క మాట రాసి సంతకం పెట్టాడు.

ఎదురుగా పడవ ఇంకా సూటిగానే వస్తోంది. ఎన్నడూ వినని పేరు. బావ తల ఒక్కసారి పైకెత్తాడు. సీసం గొంతు పగిలేలా మూడోసారి పిలిచాడు. చుక్కాని మీద బావ చేతుల పక్కన అక్క చేతులు కూడా పడ్డాయి. పడవ ముక్కు ఎడమకు తిరిగింది, ఇటుకలు గలగలమన్నాయి, నాలుగు జారి నీళ్ళలో పడ్డాయి, పడవ అడుగు మేట అంచును బర్రున రాసుకుంటూ పోయింది. పోయి, లోతు నీళ్ళలో నిలదొక్కుకుంది.

లాంచీ పక్కనుంచి దాటుతూ బావ నిటారుగా నిలబడ్డాడు. ఆయన మర్యాద తెలిసిన సరంగు. ముందు ఆయన గొంతు, దాని వెంట అక్క గొంతు, ఆ వెనక ఇరవై మంది కూలీల గొంతులు, గాలికి ఎదురుగా, ఒక్క అక్షరం జారిపోకుండా మారు పలికాయి:

"అపర భగీరథ మేటా..."